ఇందూరు అమ్మాయి – ఇంటివాళ్ల అండ
(నిఖత్ జరీన్ కుటుంబం, తొలి రోజుల చరిత్ర)



ఏటేటా ఈ సావనీరులో ఒక చరిత్ర వ్యాసం వేయటం మనకు ఆనవాయితీ. నిజాముల కాలం గురించో, మన లష్కరు పాత బజార్ల గురించో రాసుకుంటూ వచ్చాము. ఈసారి 1996లో పుట్టిన ఒక అమ్మాయి గురించి రాస్తున్నాము. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకు చరిత్ర ఏమిటని పెద్దలు నవ్వవచ్చు. పతకాలు వచ్చిన తర్వాతి సంగతి పత్రికలన్నీ రాశాయి. పతకాలకు ముందు ఆ ఇంట్లో ఏమి జరిగిందన్నదే మాకు కావలసింది.

ఇది రాయటానికి కారణం కూడా చెప్పాలి. మొన్న మా కార్యవర్గం ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. మన సికింద్రాబాదులోనే తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి. అడిగింది స్కూలు ఫీజు కాదు. బాక్సింగు నేర్చుకోవటానికి గ్లవ్సులు, బూట్లు, రానుపోను బస్సు ఖర్చు. కింద తండ్రి సంతకం ఉంది. మాలో ఒక పెద్దాయన, "పుస్తకాలకైతే ఇద్దాం బాబూ, ఆడపిల్ల ముక్కు పగలగొట్టుకోవటానికి సంఘం డబ్బు ఇస్తామా?" అన్నారు. మరొకరు, "ఇదే మగపిల్లవాడు అడిగివుంటే ఈ మాట అనేవాళ్లమా చాచా?" అన్నారు. ఇద్దరి మాటలోనూ పిల్ల మీద ప్రేమే ఉంది. గంటన్నర మాట్లాడుకున్నా తేలలేదు. విషయం వాయిదా పడింది. ఆ రాత్రి ఇంటికి పోతూ మేము అనుకున్నదేమిటంటే, మన నిజామాబాదులోనే ఒక ఇంట్లో ఇదే ప్రశ్న పుట్టింది కదా, వాళ్లు ఏం చేశారో ఒకసారి తెలుసుకుందామని.

నిజామాబాదు నేల

ఇందూరు అని పాత పేరు గల నిజామాబాదు మనకు దూరం కాదు. సికింద్రాబాదు స్టేషనులో బండి ఎక్కితే కొన్ని గంటల ప్రయాణం. ఆ జిల్లా సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలిసిందే. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు, మగవాళ్లు గల్ఫుకు పోతారు. 1970 దశకంలో చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో పనులు దొరకటం మొదలైన తర్వాత నిజామాబాదు, కరీంనగరం జిల్లాల నుంచి వేలాది మంది అక్కడికి పోయారు. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి సూట్‌కేసులతో వచ్చి, పిల్లలు తమను గుర్తుపట్టే లోపలే మళ్లీ విమానం ఎక్కేవారు. మన మొహల్లాల్లోనూ అలాంటి ఇండ్లు ఎన్ని లేవు?

మహమ్మద్ జమీల్ అహ్మద్ గారు అట్లా పోయినవారిలో ఒకరు. సౌదీ అరేబియాలో దాదాపు 15 సంవత్సరాలు సేల్స్ అసిస్టెంటుగా పని చేశారు. కుర్రతనంలో ఫుట్‌బాలు, క్రికెటు ఆడినవారు, ఆటలంటే ప్రాణం. భార్య పర్వీన్ సుల్తానా గారు. నలుగురూ ఆడపిల్లలే. మూడవ అమ్మాయి నిఖత్ జరీన్, 1996 జూన్ 14న నిజామాబాదులో పుట్టింది.

నలుగురు ఆడపిల్లలున్న ఇంటికి మన సమాజం ఏం సలహా ఇస్తుందో వేరే చెప్పనక్కరలేదు. "ఇంకో పదేళ్లు అక్కడే ఉండు భాయ్, నలుగురి పెండ్లిళ్లకు డబ్బు కూడబెట్టు" అంటుంది. జమీల్ అహ్మద్ గారు దానికి ఎదురు పని చేశారు. పిల్లల చదువులు, ఆటలు తాను దగ్గరుండి చూసుకోవాలని గల్ఫు ఉద్యోగం వదిలిపెట్టి నిజామాబాదు తిరిగి వచ్చేశారు. ఈ ఒక్క నిర్ణయం దగ్గర చదువరులు కొంచెం ఆగాలని మా మనవి. నెల నెలా వచ్చే రియాళ్లను వదులుకోవటం మధ్యతరగతి మనిషికి చిన్న విషయం కాదు. ఆ ఇంట్లో పెద్ద అమ్మాయిలిద్దరూ ఫిజియోథెరపీ చదివారు. చిన్నమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది. అంటే నిఖత్ ఒక్కతే ఎక్కడినుంచో ఊడిపడలేదు. నలుగురు పిల్లలనూ అట్లాగే పెంచిన ఇల్లు అది.

మైదానంలో ఒక ప్రశ్న

మొదట నిఖత్ బాక్సరు కాదు, పరుగుల పిల్ల. 100 మీటర్లు, 200 మీటర్లు పరిగెత్తేది. తండ్రే మైదానానికి తీసుకుపోయి నేర్పించేవారు. నిజామాబాదు కలెక్టరేట్ మైదానంలో అన్ని ఆటలూ జరుగుతుంటే ఆ పిల్ల ఒక సంగతి గమనించింది. ప్రతి ఆటలోనూ ఆడపిల్లలున్నారు, ఒక్క బాక్సింగులో తప్ప. బాక్సింగు మగవాళ్ల ఆటేనా అబ్బా అని తండ్రిని అడిగిందట. అట్లా ఏం లేదు, ఆడవాళ్లూ ఆడవచ్చు, కాని వాళ్లకు అంత బలం ఉండదని జనం అనుకుంటారు అని ఆయన చెప్పారట. ఈ సంగతి ఆమె తర్వాత ఎన్నోసార్లు పత్రికలవారికి చెప్పుకున్నది. ఆ మాట ఆమెకు పంతమైంది.

మనలో ఎంతమంది తండ్రులు ఆ జవాబు చెప్పేవాళ్లమో ఎవరికి వారే ఆలోచించుకోవాలి. "నోరు మూసుకుని పరుగు చూసుకో" అంటే కథ అక్కడే అయిపోయేది.

ఆ ఊళ్లో గురువు కూడా బయటివాడు కాదు. బంధువర్గంలోనే షంసాముద్దీన్ గారు బాక్సింగు కోచ్. ఆయన ఇంట్లో అన్నం ముద్ద ఎట్లాగో గ్లవ్సులు అట్లాగ. కొడుకులను బాక్సర్లుగా తయారు చేశారు. వారిలో 1994లో పుట్టిన మహమ్మద్ హుసాముద్దీన్ భారత సైన్యంలో చేరి, 2018 గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లోనూ, 2022 బర్మింగ్‌హామ్ క్రీడల్లోనూ కాంస్య పతకాలు తెచ్చాడు. 2023లో తాష్కెంటులో ప్రపంచ పోటీల్లో సెమీఫైనలు దాకా పోయి, మోకాలి దెబ్బ వల్ల బరిలోకి దిగలేక కాంస్యంతో తిరిగి వచ్చాడు. ఒకే ఊరి నుంచి, ఒకే బంధువర్గం నుంచి ఇద్దరు ప్రపంచ స్థాయి బాక్సర్లు రావటం వెనుక జీవితమంతా మైదానానికి అప్పజెప్పిన ఒక కోచ్ ఉన్నారని మరచిపోరాదు.

షంసాముద్దీన్ గారి దగ్గర నేర్చుకునేవాళ్లంతా మగపిల్లలే. నిఖత్ ఒక్కతే ఆడపిల్ల. కావున మగపిల్లలతోనే తలపడవలసి వచ్చింది. మొదటి రోజుల్లోనే మొహం మీద దెబ్బలతో, నెత్తురుతో ఇంటికి వచ్చింది. తల్లి ఏడ్చేసింది. ఇట్లాంటి మొహంతో నిన్ను ఎవరు పెండ్లి చేసుకుంటారని బాధపడిందట. నువ్వు దిగులుపడకు అమ్మీ, పేరు వస్తే పెండ్లికొడుకులే వరుస కడతారు అని కూతురు నవ్వించిందట. మన ఇండ్లలో ఏ తల్లయినా ఆ రోజు అట్లాగే ఏడుస్తుంది. ఆ ఏడుపును మేము తప్పు పట్టము. ఏడ్చిన తల్లి మర్నాడు కూతురిని మైదానానికి పోకుండా ఆపలేదు. ఈ చరిత్రలో మాకు అన్నిటికన్నా పెద్ద సంగతిగా తోచింది అదే.

నలుగురి మాటలు

చుట్టాలు, పక్కాలు ఊరుకోలేదు. పొట్టి నిక్కర్లు వేసుకుని ఆడే ఆటకు ఆడపిల్లను పంపుతావా, పరువు ఏం కావాలి అని జమీల్ అహ్మద్ గారిని నేరుగానే అడిగారు. ఈ విషయం ఆయన, కూతురు ఇద్దరూ బహిరంగంగా చెప్పినదే. ఆయన ఎవరితోనూ పోట్లాటకు పోలేదు. ఆ మాటలు తాను విని, కూతురిని మాత్రం ఆటమీదే దృష్టి పెట్టమన్నారు. తర్వాత పతకాలు వచ్చినప్పుడు అవే నోళ్లు మెచ్చుకున్నాయి, పక్కన నిలబడి ఫొటోలు దిగాయి. లోకం తీరు ఎప్పుడూ అంతే.

ఒక్క మనవాళ్లనే ఈ విషయంలో నిందించటం న్యాయం కాదు. ఆడవాళ్ల బాక్సింగును ప్రపంచమే చాలా కాలం ఒప్పుకోలేదు. బాక్సింగుకు పుట్టిల్లని చెప్పుకునే ఇంగ్లండులో అమెచ్యూరు సంఘం ఆడవాళ్లపై నిషేధాన్ని ఎత్తివేసింది 1996లో. అంటే సరిగ్గా నిఖత్ పుట్టిన ఏడాది. ఆడవాళ్ల మొదటి ప్రపంచ పోటీలు 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగాయి. ఒలింపిక్సులో వారికి చోటు ఇవ్వాలని నిర్ణయించింది 2009లో, నిజంగా ఆడింది 2012 లండన్‌లో. మన కుర్రవాళ్లు ఇప్పుడు ఫోన్లలో కళ్లార్పకుండా చూసే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అంటే కుస్తీ, బాక్సింగు, జూడో కలగలిపిన పోటీ, దాని సంగతీ అంతే. అందులో పేరుమోసిన యూఎఫ్‌సీ 1993లో మొదలైతే, ఆడవాళ్ల తొలి పోరు 2013లో గాని జరగలేదు.

మనవాళ్లకు ప్రాణమైన మహమ్మద్ అలీ గారి ఇంట్లో కూడా ఇదే జరిగింది. కూతురు లైలా అలీ 1999లో బరిలోకి దిగుతానంటే ఆయనకు మొదట ఇష్టం లేదు. దెబ్బ తగిలి కింద పడితే ఏం చేస్తావని అడిగి, మానిపించాలని చూశారు. ఆమె వినలేదు. ఒక్క పోటీ కూడా ఓడకుండా 2007లో ఆట ముగించింది. మూడుసార్లు ప్రపంచ హెవీవెయిట్ విజేత అయిన తండ్రికే మనసు ఒప్పుకోలేదంటే, సౌదీలో సేల్స్ పని చేసి వచ్చిన ఒక మామూలు మనిషి ఒప్పుకోవటం ఎంత పెద్ద విషయమో చదువరులే తూచుకోవాలి.

మన దేశంలో మాత్రం దారి కొంత పడివుంది. 2006లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ – నలుగురు భారతీయ స్త్రీలు స్వర్ణాలు గెలిచారు. 2008 బీజింగ్ ఒలింపిక్సులో విజేందర్ కాంస్యం తెచ్చాక బాక్సింగు అంటే ఊరూరా ఉత్సాహం పెరిగింది. నిఖత్ గ్లవ్సులు తొడిగింది ఆ రోజుల్లోనే.

విశాఖ నుంచి టర్కీకి

2009లో ఆమెకు విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రంలో చోటు దొరికింది. అప్పటికి పదమూడేళ్లు. నిజామాబాదు ఈ కొస, విశాఖ ఆ కొస. అప్పట్లో రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నా, ఆడపిల్లను అంత దూరం పంపటానికి ఇంటివాళ్లకు గుండె కావాలి. పంపారు. అక్కడ ఐ.వెంకటేశ్వరరావు గారు కోచ్. 2011లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న గురువు ఆయన. ముస్లిం ఇంటి పిల్లను తెలుగు గురువు తీర్చిదిద్దారు. మన గడ్డ మీద ఇది వింత కాదు గాని, ఈ రోజుల్లో గుర్తు చేసుకోవటం మంచిది.

2010లో ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీల్లో ఉత్తమ బాక్సరుగా పేరు తెచ్చుకున్నది. 2011 ఏప్రిల్‌లో టర్కీలోని అంటాల్యాలో జూనియరు, యూత్ స్త్రీల ప్రపంచ పోటీలు. ఫైనలులో ఎదురు నిలిచింది ఆ దేశపు అమ్మాయే, ఉల్కు దెమీర్. చుట్టూ కేకలన్నీ ఆవిడకే. నిఖత్ 27–16 పాయింట్లతో గెలిచి స్వర్ణం పట్టింది. ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. 2014 జనవరిలో సెర్బియాలోని నోవీసాద్‌లో నేషన్స్ కప్ స్వర్ణం. 2015లో అస్సాంలో జరిగిన సీనియరు జాతీయ పోటీల్లో స్వర్ణం. మధ్యలో చదువు మానలేదు. హైదరాబాదు ఏ.వి. కాలేజీలో బి.ఏ. చదివింది.

దెబ్బలు, ఓటములు

మా పెద్దాయన అన్న మాటకు ఇక్కడ జవాబు చెప్పాలి. దెబ్బలు తగలవా? తగులుతాయి. తలకు తగిలే దెబ్బలు ప్రమాదమని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఈ ఆటలో ఆ భయం లేదని మేము అనము. 2017లో నిఖత్ భుజం కీలు జారింది. దాదాపు ఏడాది బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. ఆ ఏడాది ఆమె ఇంటిపట్టున కూర్చున్నప్పుడు, "చెప్పామా లేదా" అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఫిజియోథెరపీ చదివిన అక్కలున్న ఇల్లు మాత్రం ఆమెకు అండగా ఉన్నది. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగి లేచింది. 2019లో సోఫియాలో స్ట్రాంజా పోటీల్లో మరో స్వర్ణం.

అదే 2019లో మరో పరీక్ష. 51 కిలోల విభాగంలో దేశం తరఫున మేరీ కోమ్‌ను పంపటానికి నిర్ణయించినప్పుడు, తనకూ పోటీ పడే అవకాశం ఇవ్వాలని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగ లేఖ రాసింది. ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన పెద్దమనిషిని చిన్నపిల్ల సవాలు చేస్తుందా అని చాలామంది తప్పు పట్టారు. ఆమె అడిగింది దయ కాదు, ఒక్క ట్రయల్. డిసెంబరు 28న ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9–1 తేడాతో గెలిచింది. న్యాయం అడిగి, అడిగింది పొంది, అందులో చిత్తుగా ఓడిపోవటం అందరికీ చేతనయ్యే పని కాదు. ఓడిన మర్నాటి నుంచి మళ్లీ సాధనకు దిగింది.

మిగిలినది అందరికీ తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాము. 2022 మే 19న, అదే టర్కీ దేశంలో, ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో థాయిలాండుకు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. మేరీ కోమ్, సరిత, జెన్నీ, లేఖ తర్వాత ఆ ఘనత పొందిన ఐదవ భారతీయ స్త్రీ ఆమె. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ స్వర్ణం, అర్జున పురస్కారం. తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2023 మార్చిలో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో రెండవసారి ప్రపంచ స్వర్ణం. 2024 పారిస్ ఒలింపిక్సులో మాత్రం రెండవ పోటీలోనే చైనా బాక్సరు వూ యూ చేతిలో ఓడిపోయింది. ఆ వూ యూయే చివరకు స్వర్ణం గెలిచింది. ఆ ఏడాదే తెలంగాణ పోలీసులో డీఎస్పీగా నియామకం అందుకున్నది. పరువు ఏం కావాలి అని అడిగినవాళ్లకు ఇంతకన్నా జవాబు ఏముంటుంది?

మన దరఖాస్తు సంగతి

అందరు పిల్లలూ నిఖత్ జరీన్‌లు కారు. ఈ మాట చెప్పకపోతే మేము మోసం చేసినవాళ్లమవుతాము. గ్లవ్సులు తొడిగిన వందమందిలో తొంభై తొమ్మిది మందికి జాతీయ పతకం కూడా రాదు. మన అమ్మాయికీ రాకపోవచ్చు. కాని ఈ చరిత్ర రాస్తూ మాకు ఒక సంగతి అర్థమయింది. 2009లో జమీల్ అహ్మద్ గారికి తన కూతురు ప్రపంచ విజేత అవుతుందని తెలియదు. పర్వీన్ సుల్తానా గారికీ తెలియదు. ఆ రోజు వాళ్ల ముందు ఉన్నది మొహం వాచిన ఒక పదమూడేళ్ల పిల్ల, ఆ పిల్ల పట్టుదల, వెనుక నుంచి వినిపించే నలుగురి మాటలు. వాళ్లు పిల్ల వైపు నిలబడ్డారు. ఫలితం పదమూడేళ్ల తర్వాత వచ్చింది. రాకపోయినా వాళ్లు చేసింది తప్పు అయ్యేది కాదు.

నిజామాబాదులో ఆ ఇంటికి తోడుగా ఒక కోచ్ బంధువు ఉన్నారు. మన దరఖాస్తు పెట్టిన అమ్మాయికి అట్లాంటి బంధువు లేడు. తండ్రి సంతకం మాత్రం ఉంది. చుట్టూ నలుగురూ ఏమంటారో తెలిసే ఆ మనిషి సంతకం పెట్టాడు. బంధువు లేని చోట సంఘమే బంధువు కావాలని కదా మన పెద్దలు ఈ సంఘం పెట్టుకున్నది.

మా పెద్దాయన భయాన్ని కూడా మేము కొట్టివేయటం లేదు. ఆయన భయం వల్లనే మా ఆలోచనలో కొన్ని షరతులు చేరాయి. సరైన కోచ్ దగ్గరే నేర్చుకోవాలి, తలకు రక్షణ లేకుండా సాధన చేయకూడదు, దెబ్బ తగిలితే ముందు డాక్టరు, తర్వాతే మైదానం, చదువు ఆగకూడదు. ఈ షరతులు ఆయనకు చదివి వినిపిస్తే, "ఇవి మగపిల్లలకూ పెట్టండి" అన్నారు. ఆ మాట మాకు నచ్చింది.

దరఖాస్తు ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉంది. ఈ సావనీరు మీ చేతికి అందిన తర్వాత జరిగే సర్వసభ్య సమావేశంలో దాన్ని మళ్లీ ముందు పెడతాము. సభ్యులు ఒంటరిగా రాకుండా ఇంట్లో ఆడవాళ్లను, కూతుళ్లను వెంట తీసుకుని రావలసిందిగా మనవి. ఆ రోజు వాళ్ల మాట కూడా విందాము.

అల్లాహ్ మన పిల్లలందరికీ బలాన్ని, మనకు వాళ్ల వెనుక నిలబడే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.